ఆగు మిస్త్రీ

మొన్న చిట్యాల దగ్గర బ్రేకు సరిగ్గా పడటం లేదని మా తమ్ముడి కొడుకు కారును రోడ్డు పక్క షెడ్డులో పెట్టాడు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి చేతిలో చాయ్ పెట్టారు. ముసలివాళ్లకు చాయ్ ఇస్తే నోరు మూసుకుంటారని ఈ కాలం పిల్లల నమ్మకం. ఒక మెకానిక్కు కారు కిందికి దూరాడు, ఇంకొకడు సీట్లో కూర్చుని పెడలు తొక్కుతున్నాడు. కిందివాడు అరిచాడు.

"తొక్కు... ఆగు... ఆగు... ఆఁ, ఇగ తియ్!"

చాయ్ సగం నా ధోవతి మీద పడింది.

"ఆ మాట ఎవరు నేర్పిన్రు నాయినా?" అని అడిగాను.

"ఏ మాట తాతా?"

"ఆగు, ఇగ తియ్. గా మాట."

"అందరు గట్లనే అంటరు" అని మళ్లీ బండి కిందికి పోయాడు.

అందరూ అనరు. నేను బతుకంతా బండ్లు తోలినవాణ్ని, నాకు చెప్తాడు! పట్నంలో ఒక మాట, పాలమూరులో ఇంకొక మాట. బ్రేకులో గాలి తీసేటప్పుడు పెడలు మీద కాలు పెట్టినవాడికి "ఆగు" అని చెప్పిన మనిషి ఈ రోడ్డు మీద ఒక్కడే ఉండేవాడు. ఆయన పోయి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. మాట మాత్రం పోలేదు. ఎవరి నోట ఎవరి నోట పడి వచ్చిందో, ఈ పోరగాళ్ల దాకా వచ్చింది.

ఆయనకు తల్లి పెట్టిన పేరు ఒకటి ఉండేది. ఆ పేరుతో ఎవరూ పిలిచింది లేదు కాబట్టి నేనూ రాయను. బెజవాడ రోడ్డు మీద డ్రైవర్లందరికీ ఆయన ఆగు మిస్త్రీ. చిట్యాల దగ్గరే తాటికమ్మల షెడ్డు, ముందర బోర్లేసిన నూనె డబ్బా, దాని మీద ఆయన. ఎప్పుడు చూసినా అప్పుడే ఎక్కడో పది ఆమడలు నడిచి వచ్చి కూలబడినట్టు ఉండేవాడు. కళ్ల కింద నల్లగా, భుజాలు జారిపోయి. పని మొదలుపెట్టకముందే అలిసిపోయిన మనిషిని ఆయనొక్కణ్నే చూశాను. పైగా ఒళ్లంతా ఆముదం వాసన. అవి జంగు రోజులు, పెద్ద యుద్ధం నడుస్తోంది, పెట్రోలే దొరక్కపోతే బ్రేకు నూనె ఎక్కడ దొరుకుతుంది? మన దిక్కున ఆముదాలకు కరువా! దవాఖాన కంపౌండరును బతిమాలి స్పిరిట్ తెచ్చి, దానిలో ఆముదం కలిపి తానే తయారు చేసుకునేవాడు. ఆయన షెడ్డు ముందర గాలి పీల్చితే చిన్నప్పుడు మా అవ్వ ముక్కు మూసి తాగించిన ఆముదం గుర్తొచ్చి నా ముక్కు నేనే మూసుకునేవాణ్ని.

మెత్తగా ఉండేవాడని మాత్రం అనుకోవద్దు. మూర్ఖుడు. నేను ఒక షావుకారు కిరాయి మోటారు తోలేవాణ్ని, నాకు సమయానికి పోవాలె. ఆయనేమో ఏది అడిగినా ఆగు.

"మిస్త్రీ, అయిందా?"

"ఆగు."

"మిస్త్రీ, ప్యాసింజర్లు తిడుతున్నరు."

"తిట్టనియ్. తిట్టేటోళ్లు బతికున్నట్టె కద. ఆగు."

షెడ్డు వెనకాలే గుడిసె. అందులోంచి ఆయన భార్య, నేను వదినె అని పిలిచేవాణ్ని, కేక వేసేది. "అన్నం సల్లారుతాంది, రా!" దానికీ అదే జవాబు. ఒకనాడు వదినె నాతో అన్నది, "నన్ను చేసుకుంటనని చెప్పి రెండు పంటలు ఆగుమన్నడు. చేసుకున్నంక గూడ ఆగుమనే అంటాండు. నేను కాటికి పోయేనాడు గూడ యముణ్ని ఆగుమంటడు సూడు."

బ్రేకు సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్తాను. కాలితో పెడలు తొక్కితే పంపులోని నూనె సన్నటి గొట్టాల్లో పోయి చక్రాలను పట్టుకుంటుంది. ఆ నూనెలోకి గాలి చొరబడిందా, కాలు దూదిలోకి దిగినట్టు దిగిపోతుంది, చక్రం ఆగదు. ఆ గాలిని తీయాలంటే ఇద్దరు మనుషులు కావాలె. పైన ఒకడు పెడలు తొక్కి పట్టుకోవాలె. కింద ఒకడు చక్రం దగ్గర స్క్రూ వదులు చేస్తే గాలి బుడగలు బయటికి వస్తాయి. కిందివాడు స్క్రూ బిగించేదాకా పైవాడు కాలు తీయొద్దు. తీస్తే వచ్చిన గాలి వచ్చిన దారినే మళ్లీ లోపలికి పోతుంది. ఇంతే విద్య.

ఇంత చిన్న విద్యకు నా కాలు పనికిరాలేదు. మాది మగ్గం ఇల్లు. నడక నేర్చినప్పటినుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాణ్ని. మగ్గం మీద ఒక చెక్క తొక్కితే మరుక్షణం కాలు లేవాలె, ఇంకో కాలు దిగాలె. దిగిన కాలు దిగినట్టే ఉంటే నేత సాగదు. కాబట్టి మిస్త్రీ "తొక్కు" అంటే నా కాలు తొక్కేది, తొక్కి తనంతట తానే లేచేది. నేను లేపేవాణ్ని కాదు, నా తాత ముత్తాతలు లేపేవాళ్లు.

కింద నుంచి ఆయన బయటికి పాకి వచ్చి, ముఖం నిండా ఆముదంతో నన్ను చూసేవాడు.

"ఏందయ్య డ్రైవర్ సాబ్, చీర నేస్తున్నవా?"

"అలవాటు మిస్త్రీ."

"కొంగు గిట్ల అయిపోతె చెప్పు. అప్పుడు బ్రేకు చూసుకుందం."

తర్వాత ఒక ఉపాయం చేశాడు. నా ఎడమ కాలిని సీటు కింది ఇనుప కమ్మికి తువాలతో కట్టేశాడు. జత కాలు కదలకపోతే కుడికాలికి లేవాలన్న బుద్ధి పుట్టదని ఆయన లెక్క. నవ్వుతారేమో, నిజంగానే పుట్టలేదు. అట్లా కట్టేసి కట్టేసి నా కాలికి ఆగడం నేర్పాడు. మా దిక్కున తనకన్నా చిన్నవాణ్ని ఎవరైనా "తమ్మీ" అనే పిలుస్తారు, ముక్కు మొహం తెలియకపోయినా సరే. ఈయన మాత్రం నన్ను ఒక్కనాడూ అట్లా పిలవలేదు. డ్రైవర్ సాబ్ అని ఎకసెక్కంగా పిలిచేవాడు. నేను మగ్గమోణ్ని, ఆయన ఊరి బయటి వాడలో పుట్టినవాడు, అందుకని వరుస కలపడేమో అనుకున్నాను. నా తెలివి అట్లా ఉండేది.

గాలి తీశాక ఆయన పరీక్ష ఇంకొకటి. పెడలు మీద కాలు పెట్టి ఒక్కసారి నొక్కి, నొక్కినట్టే ఉంచి, బీడీ ముట్టించేవాడు. బీడీ పూర్తిగా కాలిపోయేదాకా కాలు అంగుళం కూడా దిగొద్దు. బయట హారన్లు కొట్టనీ, తిట్టనీ, బీడీ సగంలో ఆరితే ఇంకొకటి ముట్టించి మొదటినుంచి మొదలుపెట్టేవాడు.

అన్నింటికన్నా నాకు ఒళ్లు మండే అలవాటు ఇంకొకటి. బ్రేకు బాగుచేసిన బండి వెళ్లిపోయాక ఈ మనిషి అన్నం తినడు. రోడ్డు మీదికి వచ్చి నిలబడి, ఆ దిక్కునుంచి వచ్చే ప్రతి బండినీ ఆపేవాడు. "నల్లబండి ఒకటి ఎదురొచ్చిందా? వాగు దాటిందా?" దాటిందని ఎవరో ఒకరు చెప్పాలె, అప్పుడు పోయి కంచం ముందర కూర్చోవాలె. ఒక్కోనాడు పొద్దు గూకేదాకా ఎవరూ రాకపోతే అట్లానే నిలబడేవాడు, కుడికాలి బొటనవేలు నేలను నొక్కుతూ. వదినె గిన్నె మీద మూత పెట్టి తానూ తినకుండా గడపలో కూర్చునేది. వాళ్లిద్దరినీ చూస్తే నాకు జాలి కన్నా ముందు కోపం వచ్చేది. బాగుచేశావు, పంపించావు, ఇక తినొచ్చు కదా మహానుభావా!

ఒక మాఘమాసం మావాళ్లదే ఒక పెండ్లి. యాదగిరిగుట్ట కింద సత్రంలో లగ్నం. పెండ్లిపిల్లనూ, తల్లిదండ్రులనూ నా మోటారులో తీసుకుపోతున్నాను. చిట్యాల ఇంకా రాకముందే పెడలు కిందికి జారడం మొదలుపెట్టింది. వెంటవెంట తొక్కితే నిలుస్తోంది, తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోంది. ముందర వాగు దిగుడు ఉంది. నేరుగా షెడ్డు ముందర ఆపాను.

పెండ్లిపిల్ల తండ్రి పెద్దమనిషి, ఊళ్లో మాట చెల్లినవాడు. "లగ్నం దాటిపోతది మిస్త్రీ, జల్ది చెయ్" అన్నాడు బండి దిగకుండానే.

"ఆగు పటేలా."

గాలి చేరిందనుకుని ముందు గాలి తీశాడు. నా ఎడమ కాలు కట్టేసుకుని నేనే తొక్కాను. తర్వాత ఆయన పెడలు నొక్కి బీడీ ముట్టించాడు. సగం బీడీకి కాలు నేలను తాకింది. ఆయన వేసిన మొదటి అంచనా తప్పు. ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు గానీ ముఖం ఇంకా నీరసించిపోయింది.

"గాలి కాదు. పంపుల రబ్బరు పోయింది. లోపల్లోపలనే నూనె జారుతాంది."

"అయితె?"

"అయితె ఏముంది, ఇప్పాలె."

పెద్దమనిషి బండి దిగాడు. అరిచాడు. లగ్నం అన్నాడు, పీటల మీద పిల్లగాడు అన్నాడు, నీకు దండం పెడత అన్నాడు, నీ తోలు తీస్త అన్నాడు. మిస్త్రీ అన్నిటికీ తలూపుతూనే పంపు ఊడదీశాడు. కొత్త రబ్బరు ఎక్కడిది ఆ రోజుల్లో? షెడ్డు వెనకాల ముళ్లకంపలో పడి ఉన్న పాత బండి పంపులోంచి ఒకటి తీసి, ఆముదంలో కడిగి, వెలుతురుకు పట్టి చూసి, బిగించాడు. మళ్లీ గాలి తీశాం. మళ్లీ బీడీ. పెండ్లివాళ్లందరూ గుడ్లప్పగించి ఆ బీడీ నిప్పునే చూస్తున్నారు. పెండ్లిపిల్ల కూడా తల వంచుకోవడం మరిచిపోయి చూస్తోంది. బీడీ అయిపోయింది. కాలు దిగలేదు.

"ఇగ పోదం!" అన్నాడు పెద్దమనిషి.

"ఆగు. పాత రబ్బరు. నాకు నమ్మకం లేదు. నేను గూడ వస్త."

పెద్దమనిషి ఎటో చూస్తూ, "లోపట జాగ లేదు" అన్నాడు.

జాగ ఉంది. వెనక సీట్లో తల్లి పక్కన బెల్లం బుట్ట ఉంది, అంతే. పెండ్లిపిల్ల ఆ బుట్టను తీసి పట్టుచీర ఒళ్లో పెట్టుకుంది. "బాపు, కూసోమను" అన్నది. తండ్రి వినలేదు. వినలేదనేది నా మర్యాద, విన్నాడు.

"వద్దు బిడ్డ, ఫికర్ జెయ్యకు. నిలవడితెనే నాకు నయం" అని మిస్త్రీ ఒక పెద్ద చెక్క మొద్దు చంకలో పెట్టుకుని ఫుట్‌బోర్డు మీద ఎక్కాడు. ఒక చేత్తో కిటికీ పట్టుకున్నాడు. ఆయన బట్టల ఆముదం వాసనకు పెండ్లిపిల్ల తల్లి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

వాగు దిగుడు వచ్చింది. మిస్త్రీ బండి మీదినుంచి దూకాడు. ఎందుకు దూకాడో నాకు ముందు అర్థం కాలేదు. చూస్తే ఆ మొద్దును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ముందు చక్రం పక్కన పరుగెత్తుతున్నాడు. పెడలు జారిందా, మొద్దును చక్రం కిందికి తోసేద్దామని. జారిపోయిన భుజాలు, నెరిసిన గడ్డం, వట్టి కాళ్లు, కంకరరోడ్డు. ఎగపోస్తూ కూడా నాకే చెప్తున్నాడు, "ఆగు... సల్లగ... ఆగు..." నా కాలు పెడలు మీద ఉంది. నా జన్మలో ఎన్నడూ కాలిని అంత గట్టిగా నిలిపి ఉంచలేదు. ఆ పాత రబ్బరు నిలబడింది. వాగు దాటాక ఆయన మళ్లీ ఎక్కి, కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ప్రతి దిగుడుకూ అదే పని. పెండ్లిపిల్ల ఏడుస్తోంది. తల్లి అది పెండ్లి ఏడుపు అనుకుని వీపు నిమిరింది.

లగ్నానికి అందాం. సత్రం బయట బండి నీడలో మిస్త్రీ కూలబడ్డాడు. పెండ్లిపిల్ల, మెడలో పుస్తె పడగానే, ఆకులో అన్నీ వడ్డించి తన చేతులతోనే తెచ్చి ఆయన ముందర పెట్టింది. సత్రంలో కొందరు గుసగుసలాడారు. ఆయన అట్లా తినడం అదే మొదటిసారి చూశాను, ఆవురావురుమని, వేళ్లు నాక్కుంటూ.

"బండి చేరింది కద డ్రైవర్ సాబ్. ఇగ ఆకలైతాంది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో మేమిద్దరమే. నా పక్కన కూర్చున్నాడు. దిగుడు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు ఉత్త నేలను నొక్కుతోంది. నవ్వి, "గా పక్క పెడలు లేదు మిస్త్రీ" అన్నాను. ఆయన నవ్వలేదు. నేను అడగకుండానే చెప్పాడు.

"నాకొక తమ్ముడుండె. షాద్‌నగర్ల మా ఉస్తాద్ షెడ్డుల ఇద్దరం పని చేసేటోళ్లం. నేను కింద, తమ్మి పైన. ఒకనాడు గాలి తీస్తున్నం. స్క్రూ ఇప్పిన. 'ఇడువకు' అన్న. కింద మూతి నిండ మన్ను, నూనె. 'కు' గొంతులనే ఉన్నది. వానికి 'ఇడువు' అని ఇనవడ్డది. కాలు ఇడిసిండు. గాలి గుంజుకున్నది. నేను సూడలె. పైకొచ్చి వెంటవెంట తొక్కిన. గట్టిగ ఉన్నది. వెంటవెంట తొక్కితె ఏ పెడలన్న గట్టిగనె ఉంటది. జర ఆగి తొక్కితె ఎరుకయితుండె. ఆగలె నేను. 'పో తమ్మీ, బండి సేటుకు ఇచ్చి రా' అన్న."

కుడికాలి బొటనవేలితో మళ్లీ నేలను నొక్కాడు.

"నేను అన్నం తింటున్న. ముద్ద చేతిలనే ఉన్నది. గప్పుడొచ్చి చెప్పిన్రు."

నేను బండిని పక్కకు తీసి ఆపాను. తోలలేకపోయాను. మన భాషలో వద్దు అనేది మాటకు చివర తోకలా వేలాడుతుంది. బండి కింద నుంచి అరిస్తే ఆ తోకే తెగిపోతుంది. ఇడువకు అంటే వదలొద్దు, ఇడువు అంటే వదిలెయ్. ఆ తర్వాత ఈ మనిషి ఆ మాటను నోట్లోకి రానివ్వలేదు. పట్టుకోవాలంటే ఆగు, వదలాలంటే ఇగ తియ్. ఎవరినీ తమ్మీ అని పిలవనూ లేదు. ఇన్నాళ్లూ నేను చాదస్తం అని కసురుకున్నది దీన్ని.

జంగు అయిపోయాక రాజ్యమే తలకిందులవుతున్న ఆ గడబిడ ఏడాది ఎండాకాలంలో రోడ్డు మీద బండ్లు ఎప్పుడు తిరుగుతాయో ఎప్పుడు తిరగవో ఎవరికీ తెలియదు. ఆయనకు జరం పట్టిందని విని పోయాను. గుడిసెలో నులకమంచం మీద ఉన్నాడు. వదినె గడపలో కూర్చుని ఉంది, పక్కన మూత పెట్టిన గిన్నె.

"జరంలనే నిన్న ఒక బండి బ్రేకు చేసి పంపిండు. భువనగిరి దిక్కు పోయింది, పిల్లజెల్ల ఉన్న బండి. గప్పటిసంది గంజి గూడ ముడుతలేడు. గా దిక్కుకెల్లి ఒక్క బండి వస్తె ఒట్టు. నేను ఏమని చెప్పాలె?" అన్నది.

చేరిందని చెప్తే సరిపోతుంది కదా అని నోటిదాకా వచ్చింది. ఆయన నా కళ్లలోకి చూశాడు. ఆ కళ్లకు అబద్ధం చెప్పడం నాతో కాలేదు. బండి తీసుకుని భువనగిరి దిక్కు పోయాను. వాగు దగ్గర బండి పడిన జాడ లేదు. అవతలి ఊరి మొగదల చింతచెట్టు కింద ఆ బండి నిలబడి ఉంది. పిల్లలు దాని చుట్టూ ఆడుకుంటున్నారు. పెట్రోలు అయిపోయి ఆగారట. అంతే. వాళ్లను చూసి అంత సంతోషపడిన పరాయివాణ్ని ఆ పిల్లలు ఎన్నడూ చూసి ఉండరు.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

"చేరింది మిస్త్రీ. నా కండ్లతోని చూసిన. వాగు దాటి అవతల ఉన్నరు, అందరు మంచిగున్నరు."

"పెడలు తొక్కి చూసినవా?"

"చూసిన. బీడీ అయిపోయేదాక చూసిన."

ఆయన ముఖం మీద నీడ ఏదో తొలిగింది. గంజి అడిగాడు. వదినె పరుగున తెచ్చి తాగించింది. నాలుగు గుక్కలు తాగి, కాళ్లు గుంజుతున్నాయన్నాడు. నేను మంచం చివర కూర్చుని ఆయన కుడికాలు ఒళ్లోకి తీసుకుని నొక్కుతున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి.

"తమ్మీ" అన్నాడు.

నా చేతులు ఆగిపోయాయి. దగ్గరికి వంగాను.

"తమ్మీ... ఇడువ..."

చివరి అక్షరం గొంతులోనే ఉండిపోయింది. ఇడువు అన్నాడో, ఇడువకు అన్నాడో. నాతో అన్నాడో, షాద్‌నగర్ షెడ్డులో పైన కూర్చున్నవాడితో అన్నాడో. ఇంకొకసారి అంటాడేమోనని చెవి పెట్టి చూశాను. అనలేదు.

"ఏమన్నడు?" అన్నది వదినె.

"ఆగుమన్నడు వదినె."

ఆమె తల ఊపి మంచం పక్కన కూర్చుంది. నేను కాలు గట్టిగా పట్టుకుని అట్లాగే ఉన్నాను. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలిసింది, ఇద్దరం కదలలేదు. కాలు నా చేతుల్లోనే చల్లబడుతోంది. అయినా వదలలేదు.

చాలాసేపటికి వదినె నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఇగ తియ్" అన్నది.

అప్పుడు తీశాను.